నీడ తాకట్టు పెట్టిన రాకుమారుడు

నేను అబద్ధాలాడతానని కోరుట్లలో మా వాడకట్టంతా ఎరుగుదురు. అందుకు నాకేమీ సిగ్గు లేదు. వెల్గటూర్ దగ్గర గోదావరిలో మునిగి ధర్మపురిలో తేలానని ఒకసారి చెప్పాను. నది ధర్మపురి నుంచి వెల్గటూర్‌కు పారుతుంది గాని ఇటునుంచి అటు పారదు కదా అని ఎవరో అడ్డం తగిలితే, "ఆ రోజు పారింది" అన్నాను. కొండగట్టు మీద కోతి నా సంచి గుంజుకుపోయి, లోపల తంబాకు పొట్లం చూసి, మొహం చిట్లించి, సంచి తెచ్చి నా ఒళ్ళో పడేసిందని కూడా చెప్పాను. మా ఆయన సైకిళ్ళు బాగుచేసే దుకాణంలో కూర్చుని నేనేం చెప్పినా "ఊఁ" అంటాడు. ఆయనకు నిజానికీ అబద్ధానికీ ఒకటే ఊఁ.

ఇప్పుడు రాసేది మాత్రం జరిగిందే. నేను కల్పించి ఉంటే ఇంతకంటే బాగా కల్పించేదాన్ని.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంటి ముందు రేకుల పందిరి కింద వాడకట్టు ఆడవాళ్ళమంతా బీడీలు చుట్టడానికి కూర్చుంటాం. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో కత్తిరించిన తునికాకు. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. చెవులే ఖాళీ. అందుకని మా పందిరి కింద ఒక పద్ధతి పడిపోయింది. కథ చెప్పేదో చదివేదో ఒకతె ఉంటే, ఆమె బీడీ చుట్టనక్కర్లేదు. లేచేటప్పుడు తలా ఒక పిడికెడు బీడీలు ఆమె చాటలో వేసి పోతారు. కథ నచ్చితే పిడికిలి పెద్దదవుతుంది. నచ్చకపోతే వేళ్ళ సందుల్లోంచి జారినన్నే. పెళ్ళై వచ్చిన నాటినుంచి నా చాట ఎక్కువగా ఊళ్ళోవాళ్ళ చేతులతోనే నిండింది.

ఆ గద్దె మీద నుంచి నన్ను దించింది మా అక్క కూతురు. అక్కది జగిత్యాల. పిల్ల అక్కడే డిగ్రీ పూర్తి చేసింది. ఇంట్లో ఏ ముచ్చట మొదలుపెట్టినా పెళ్ళి దగ్గరికే వచ్చి ఆగుతోందని విసిగి, కంప్యూటర్ నేర్చుకుంటానన్న వంకతో నా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో పందిరి కింద ఓ మూల కూర్చుని ఫోన్ చూసుకునేది. ఏం చూస్తున్నావంటే నవల అంది. ఒక్కటి కాదట, వరుస. మూడు భాగాల ప్రేమకథ. పైకి చదవమన్నారు ఆడవాళ్ళు. చదివింది. అంతే, నా పని అయిపోయింది.

ఆ కథలో పడవ నడిపేవాడి కూతురు ఒకతె. పదిహేడేళ్ళది. కోపం వస్తే ఆమె అరచేతిలో నిప్పు పుడుతుంది, దుఃఖం వస్తే మంచు గడ్డకడుతుంది. నదికి అవతల పొగమంచు రాజ్యం. ఆ రాజ్యపు చిన్న రాకుమారుడు వేషం మార్చుకుని ఆమె పడవ ఎక్కుతాడు. మొదటి భాగమంతా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడమే. చివరికి తిట్లు అయిపోయి ప్రేమ మిగులుతుంది. రెండో భాగంలో రాజ్యం రోజురోజుకూ రాయిగా మారిపోతుంటే, దాన్ని కాపాడటానికి వాడు మంచు ద్వారం దాటి పోవాలి. ద్వారం కాడ ఒక కాపలావాడు ఉంటాడు. లోపలికి పోయేవాడు తన నీడను వాడి దగ్గర తాకట్టు పెట్టాలి. నీడ లేనివాడు అక్కడ ఎవరి కంటికీ ఆనడు. పిలిచినా వినపడడు.

"నీడ గుంజుకున్నడా? ఎవడు?" అంది ఎదురింటామె. ఆమె భర్త అప్పటికి ఏళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు.

"గేటు కాడ ఉన్నోడు," అంది పిల్ల.

"గంటే పాస్‌పోర్టు గుంజుకున్నట్టే గదనే! మా ఆయనది గిట్లనే, దిగిన్నాడే కఫీల్ గుంజుకున్నడు."

"మరి నీడ లేకుంట ఎవ్వల్కి కనవడకుంట తిరుగుడంటే?" అంది అవ్వ. మా అందరికంటే పెద్దామె. కొడుకులిద్దరూ అక్కడే.

"ఖల్లివెల్లి అయినట్టు," అంది ఎదురింటామె, ఇంత సులువైన లెక్క ఎందుకు అడుగుతున్నావన్నట్టు.

ఖల్లివెల్లి అంటే కఫీల్‌ను, అంటే పని ఇచ్చిన యజమానిని, విడిచి పారిపోయి, కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాడు. మా వైపు ఈ మాట తెలియని గడప లేదు. పందిరంతా నవ్వింది. పొగమంచు రాజ్యమూ అరచేతి నిప్పూ వాళ్ళకు వింత కాలేదు. ఆ కథ రాసినవాళ్ళెవరో మస్కట్‌లో పనిచేసే ఉంటారని అవ్వ తీర్పు చెప్పింది.

పిల్ల మాత్రం నవ్వలేదు. ఫోన్ మీద వేలు అట్లాగే ఆపి ఉంచింది. ఎందుకో నాకు తెలుసు.

మా తమ్ముడిది మల్యాల. తాటిచెట్లు గీసి కల్లు తీస్తాడు. వాడి కొడుకూ ఈ పిల్లా పుట్టినప్పటినుంచీ బావామరదళ్ళు. పెద్దవాళ్ళు అనుకున్న మాటను వాళ్ళిద్దరూ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. పిల్ల కాలేజీ నుంచి వచ్చే వేళకు వాడు జగిత్యాల బస్టాండులో నిలబడేవాడు. ఆమె కోసం కొన్న మిర్చి బజ్జీలు సగం తినేసి, మిగిలినవి కాగితంలో ఇచ్చి, "నూనె ఎక్కువైంది, నీకు పడదని తగ్గిచ్చిన" అనేవాడు. అబద్ధం చెప్పడంలో మేనత్త పోలిక. అందుకే నాకు వాడంటే ప్రాణం.

తాడెక్కమంటే కళ్ళు తిరుగుతాయన్నాడు. నాయన తాడెక్కే మోకు ముట్టుకోవడానికే భయం. ఆ భయం మీదే దుబాయ్ పోయాడు. పోయాక తెలిసింది, అక్కడి పని ఆకాశమంత మేడల మీద తాళ్ళకు వేలాడి అద్దాలు తుడవడమని. మొదట్లో వీడియోలో కనిపించేవాడు. వెనక అద్దంలో మబ్బులు. "అత్తా, గీ తాటిచెట్టుకు కల్లు లేదు" అని నవ్వేవాడు. తర్వాత కంపెనీ విడిచిపెట్టాడని తెలిసింది. ఎవరెవరి ఫోన్లలోంచో రెండు మాటలు మాట్లాడేవాడు. ఆ తర్వాత అవీ లేవు. రెండో భాగం చివర మంచు ద్వారం మూసుకుపోయి, పడవపిల్ల తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడితే ఆ చెయ్యి తలుపుకు గడ్డకట్టుకుపోతుంది. అది చదివిన రోజు పిల్ల మధ్యలోనే ఫోన్ ఒళ్ళో బోర్లించింది. ఎవరూ తొందర పెట్టలేదు. 

మూడో భాగం రాలేదు. ఆ రచయిత ఎవరో, ఆడో మగో తెలియదు. రాయడం మానేశారు. కింద చదివినవాళ్ళంతా తరువాతి భాగం ఎప్పుడండీ, ప్లీజ్ అండీ, బతికున్నారా అండీ అని రాసుకుంటూ పోయారు. మా పిల్ల రోజూ తెరిచి చూసేది.

అక్క జగిత్యాల నుంచి దిగింది ఆ రోజుల్లోనే. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"నువ్వేందే, దానికి కతలు జెప్పి జెప్పి ఖరాబ్ జేస్తానవ్."

"నేనేం జెప్తలేనక్కా. అదే సదువుతాంది. నా చాటనే ఖాళీగుంటాంది."

"సిరిసిల్ల సంబంధమచ్చింది. నాలుగు సాంచలున్నయ్ పిలగానికి. సొంత ఇల్లు. తాగడు, గీగడు." సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారు. "ఇదేమొ వాడస్తడు, వాడస్తడు అని కూసున్నది. తమ్ముడే అంటాండు, నా కొడుకు ముచ్చట ఇడిసిపెట్టి పిల్లకు చెయ్యుండ్రని. కన్నతండ్రే అన్నంక ఇంకేముంది?"

"అది వింటదా?"

"ఇనది. ఆ పోన్ల పోరడు అస్తడట, గప్పుడు ఈ పోరడు సుత అస్తడట. గదే దాని మొండి."

"ఆ కత ఆగిపోయిందక్కా. మూడోది రాలే."

అక్క చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ ఆగింది. కాసేపు నా వైపే చూసింది. మా అమ్మ కూడా కోడిని పట్టేముందు అట్లాగే చూసేది.

"రాలేదా? గట్లయితే నువ్వు జెప్పు. వాణ్ని సంపెయ్."

"ఎవణ్ని?"

"ఆ రాజుకొడుకునే. సచ్చిండని జెప్పు. ఆ పిల్ల నిమ్మళంగ వేరే పెండ్లి జేసుకున్నదని జెప్పు. కండ్లల్ల నీళ్ళు తీస్కుంటది, రెండొద్దులు ఏడుస్తది, అయిపోతది."

"గది నవల అక్కా…"

"గోదారిని ఎన్కకు పారిచ్చినదానివి, ఒక్క పోరన్ని సంపలేవానే?"

నిజం చెప్పాలంటే నాకు సరదా కూడా వేసింది. గద్దె తిరిగి దక్కే దారి కనిపించింది. మర్నాడు పందిరి కింద ఫోన్ కళ్ళకు దగ్గరగా పట్టుకుని, మూడో భాగం వచ్చిందని ప్రకటించాను. పిల్ల తలెత్తి చూసింది. నేను చదవడం మొదలుపెట్టాను. చదవడమేముంది, ఫోన్‌లో కనిపిస్తున్నది గ్యాస్ బుకింగ్ మెసేజ్. నోటికి వచ్చినట్టు అల్లుకుపోయాను. రాకుమారుడు రాజ్యాన్ని కాపాడాడు, కాని నీడ లేనివాడు గనుక పొద్దెక్కేకొద్దీ పలచబడుతూ పలచబడుతూ, చివరికి గాలికి బూడిదై రాలిపోయాడు. పడవపిల్ల ఏడ్చింది. ఏడ్చిన కన్నీళ్ళు మంచై, మంచు నూలై, ఆ నూలుతో మగ్గం నేసే ఒక మంచివాడు…

మంచివాడి దాకా రానివ్వలేదు. అవ్వ చాట నేల మీద బోర్లించింది. తంబాకు అంతా పారబోసింది. నా జన్మలో అవ్వ తంబాకు పారబోయడం చూడలేదు.

"థూ! నీ నోట్ల మన్నువడ. గిదేం కతనే?"

ఎదురింటామె మొహం పాలిపోయి ఉంది. నేను చేసిన పొరపాటు అప్పుడు తట్టింది. ఆ పందిరి కింద సగం మందికి మగవాళ్ళు అవతలి దేశంలో ఉన్నారు. అవతల ఉన్నవాడి చావు ఇవతల నోట రాకూడదు. ఒట్టుగా రాకూడదు, తిట్టుగా రాకూడదు, పాటలో వస్తే ఆ చరణం దాటేస్తారు. దారం అయిపోతే అయిపోయిందని కూడా అనం, "ఇంకో ఉండ తియ్యి" అంటాం. ఇవన్నీ నాకు తెలిసినవే. రాకుమారుడు కదా, వాడికి ఇవేవీ వర్తించవనుకున్నాను. వాడు వాళ్ళ లెక్కలో ఎప్పుడో గల్ఫ్ మనిషైపోయాడు.

"నోరు పుక్కిలించు," అంది అవ్వ. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు. పుక్కిలించి వీధిలోకి ఊశాను. "గిప్పుడే లేపు వాణ్ని. లేపినంకనే ఇక్కడికెంచి లేస్తం."

"పుస్తకంల గట్ల రాసి ఉంటే నేనేం జేత్తునవ్వా?"

"పుస్తకం లేదు, గిస్తకం లేదు. నీ మొకం జూస్తె తెలుస్తలేదా? లేపు!"

లేపాను. రాలింది వాడి బూడిద కాదు, కాపలావాడిని మోసం చేయడానికి వాడు వదిలిన మాయ అన్నాను. పందిరి కాస్త ఊపిరి పీల్చుకుంది. మరి ఇంటికి ఎట్లా వస్తాడన్నారు. అటు రాజుగారి బిడ్డకు పెళ్ళి కుదిరింది, ఆ సంతోషంలో ద్వారం తెరవమన్నాడు, తాకట్టు పెట్టిన నీడలన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేయమన్నాడు అన్నాను.

"అందరికా?" అంది ఎదురింటామె.

"అందరికి. అడిగినోళ్ళందరికి."

"శిచ్చ గిట్ల ఏం లేదా?"

"ఏం లేదు. ఉత్తగనే. వచ్చి అడుగుడే ఆలిస్యం."

ఆ సాయంత్రం నా చాట పొర్లిపోయింది.

అంట్లు తోముతూ పిల్ల అడిగింది. "మూడోది రాలే గదా, చిన్నమ్మా?"

"రాలే బిడ్డా."

"అమ్మ సంపుమన్నదా?"

"ఊఁ. మల్ల లేపిన గదనే."

"లేపినవ్ లే." గిన్నె బోర్లించింది. "గేటు తెరుస్తరని ఎందుకు జెప్పినవ్?"

"నోటికచ్చింది. ఇంకెట్ల తేవాలె వాణ్ని?"

ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయింది. అప్పటివరకు ఆమె ఎదురుచూపు అణకువగా ఉండేది. వస్తే వస్తాడు, చూద్దాం అన్నట్టు. అదే నయం.

కొన్ని వారాలకు పేపర్లో పడింది. దుబాయ్ సర్కారు క్షమాభిక్ష ప్రకటించింది. కాగితాలు లేనివాళ్ళు వచ్చి పేరు చెప్పుకుంటే జైలు లేదు, శిక్ష లేదు, ఔట్‌పాస్ తీసుకుని ఇంటికి పోవచ్చు. ఎదురింటామె ఆ పేపర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, నా కాళ్ళు మొక్కింది. సాయంత్రానికి వాడకట్టంతా పాకింది. కోరుట్లలో నాకు తెలియని వీధుల నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. మా ఆయనకు ఎప్పుడు కాగితం వస్తుందో చెప్పమని ఒకతె. ఏ వారం టికెట్ కొనమంటావని ఒకతె. అవ్వ నా పక్కన మేనేజరులా కూర్చుని ఒకరి తర్వాత ఒకరిని పంపించేది. నేను మాత్రం కాదని ఎందుకంటాను? నా జన్మలో మొదటిసారి నా అబద్ధం పేపర్లో పడింది. మా ఆయన కూడా ఆ రోజు "ఊఁ?" అన్నాడు.

అందరికంటే ఎక్కువ నమ్మింది నన్ను బాగా ఎరిగిన మనిషి. పిల్ల సిరిసిల్ల సంబంధం వద్దని అక్కకు ఫోన్ చేసి చెప్పేసింది. గొంతులో జంకు లేదు. అక్క నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పిల్ల మల్యాల పోయి మేనమామ ఇంటికి తానే సున్నం కొట్టింది. గాలికి పోయిన రేకు వేయించింది. పందిరి కింద మొదటి భాగం మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. ఈసారి తిట్టుకునే చోట్ల ఆమే రెండు గొంతులతో చదివేది. ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. అంత నవ్వు ఆ పిల్ల మొహంలో అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

మనుషులు రావడం మొదలైంది. ఎదురింటామె భర్త వచ్చాడు. పెట్టె లేదు, ఒక చేతిసంచి. పిల్లలు వాణ్ని చూసి తలుపు వెనక దాక్కున్నారు. అవ్వ చిన్నకొడుకు వచ్చి, వారం రోజులు నిద్రపోయాడు. పక్క వీధిలో ఇంకొకడు. ఎవరు దిగినా పిల్ల పోయి నిలబడేది. వచ్చినవాణ్ని కాదు, వాడి వెనక ఎవరైనా దిగుతారేమోనని ఆటో వైపు చూసేది.

వాడు రాలేదు. గడువు దగ్గరపడింది. గడువు దాటింది.

వాడితో ఒకే గదిలో ఉన్న మనిషి వెల్గటూర్ వాడనీ, ఇంటికి వచ్చేశాడనీ తమ్ముడికి ఎవరో చెప్పారు. పిల్లా నేనూ బస్సెక్కి పోయాం. అతను రోడ్డు పక్కన మక్కజొన్నలు ఎండబోసి, కాళ్ళతో తిరగేస్తున్నాడు. మేమెవరమో చెప్పగానే పని ఆపి, తువ్వాల పరిచి కూర్చోమన్నాడు.

"మాతోటే అచ్చిండక్కా," అన్నాడు. "పొద్దుగాల్లనే లైన్ల నిలవడ్డం. నా ముంగటే ఉన్నడు. గేటు కాడికి అచ్చినంక, మీరు నడువుండ్రి, నేను చాయ తాగి అస్త అన్నడు."

"చాయనా?"

"ఊఁ. మేం లోపట్కి పోయినం. కాయిదాలు అయినయ్. బయటికచ్చి సూస్తె లేడు. రూంకు పోయిండు. అన్నం వండుతాండు. మాకు సుత వండిండు."

"పట్టుకుంటరని భయపడ్డడా?"

"పట్టుకునుడే లేదక్కా అప్పుడు. పోలీసోళ్ళే నీళ్ళ సీసాలు పంచిరి. తెల్లారి మల్ల పోదామన్న. పోదాం అన్నడు. రోజు అన్న. రోజు పోదామనే అన్నడు."

పిల్ల అప్పటిదాకా మక్కగింజలు చేత్తో నెడుతూ ఉంది. "ఆడ ఎవలన్న ఉన్నరా, అన్నా? ఆడోళ్ళు?"

"లేరు చెల్లె. ఒట్టు." ఆ మనిషి నిజంగా బాధపడ్డాడు. "ఉంటెనన్న బాగుండు."

తిరుగుదారిలో నేను మాట్లాడకుండా ఉండలేను కదా. ఏదో ఒకటి అల్లబోయాను. మేడల మీద వేలాడి వేలాడి మతి చెడిందేమో, ఎవరైనా మందు పెట్టారేమో, ఏ చేయరాని పనైనా చేసి మొహం చూపించలేకపోయాడేమో. ఏదీ అతకలేదు. తాళం పడ్డ తలుపులకు నా దగ్గర కావలసినన్ని కథలున్నాయి. రాక్షసుడో, శాపమో, కఫీలో ఎవడో ఒకడు అడ్డం నిలబడితే చాలు, అక్కడినుంచి నేను చూసుకుంటాను. తెరిచి ఉన్న తలుపు ముందు నిలబడి చాయ తాగి వెనక్కి పోయినవాడికి నేను ఏ కథా చెప్పలేకపోయాను. పందిరి కింద ఆడవాళ్ళకూ తోచలేదు. చేతబడి అన్నారు, తాగుడు అన్నారు, తర్వాత ఆ మాట ఎత్తడమే మానేశారు. ఎదురింటామె తన మొగుడి సంగతి మా ముందు మాట్లాడటం తగ్గించింది, మొగుడు వచ్చినందుకు తప్పు తనదైనట్టు.

మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అన్నీ ముగిసిపోయాక, కొత్త నంబరు నుంచి. పిల్ల నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని ఎత్తింది. నేను వంటింట్లో ఉన్నాను. చెవులు మూసుకునే రకం కాను.

"తలుపు తెరిచే ఉండె గదా, బావా," అంది. కోపం లేదు. ఏదో తెలియని లెక్క అడిగినట్టు అడిగింది.

ఫోన్ బయటికే వినిపిస్తోంది. "ఉండె," అన్నాడు.

"మరి?"

"ఆడికచ్చి ఏం జెయ్యాలె?"

"నేను ఉన్న గదా."

  వాడు, "అన్నం తిన్నవా?" అన్నాడు.

సిరిసిల్ల సంబంధం అప్పటికే ఇంకెవరికో కుదిరిపోయింది. అక్క వచ్చి, నన్ను తిట్టడానికి కూడా ఓపిక లేక, గోడకానుకుని కూర్చుని పోయింది. పిల్ల పందిరి కింద చదవడం మానేసింది. ఏ నవల మాటా ఎత్తలేదు. ఆడవాళ్ళు నన్ను అడిగారు, నువ్వైనా చెప్పమని. కోతి కథ చెప్పాను. ఎవరూ నవ్వలేదు, పిడికిళ్ళు మాత్రం మర్యాదకు వేశారు. తర్వాత బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో పని దొరికిందని పిల్ల సిరిసిల్ల పోయింది. పెళ్ళికూతురిగా పోవలసిన ఊరికి కుట్టుకూలీగా పోయిందని అక్క అందరి ముందూ అంటుంది. అనకుండా ఉంటే బాగుండు.

మొన్న శుక్రవారం పిల్లను చూసి వద్దామని బయలుదేరాను. జగిత్యాలలో బస్సు మారి, వేములవాడ మీదుగా. ఆమె గది ఒక సాంచల షెడ్డు మీద ఉంది. కింద సాంచలు ఆడుతుంటే నేల వణుకుతుంది. నీళ్ళ గ్లాసు కింద పెడితే తనంతట తాను జరుగుతూ పోతుంది. కాసేపటికి కరెంటు పోయింది. ఒక్కసారి అంతా నిశ్శబ్దమయ్యేసరికి నా చెవులు గింగురుమన్నాయి. మధ్యాహ్నం భోజనానికి వచ్చింది పిల్ల. చిక్కింది. వేలికి సూది దిగిన చోట గుడ్డ చుట్టుకుంది. నేను తెచ్చిన మామిడికాయ తొక్కు చూసి సంతోషపడింది. ఇద్దరం కంచాలు పెట్టుకుని కూర్చున్నాం.

"బావ పోన్ జేత్తాండు, చిన్నమ్మా," అంది తనంతట తానే. "శుక్రారం శుక్రారం. ఆడ సుట్టి గద."

"ఏమంటాండు?"

"ఏమంటడు? ఏం వండినవ్, ఏం తిన్నవ్. గివే. మునుపటి లెక్క కాదు, ఇప్పుడు మంచిగ మాట్లాడుతడు. ఎప్పుడస్తవని నేనడుగ. అస్తనని ఆయన జెప్పడు. ఇద్దరికి నిమ్మళం."

నేను ముద్ద కంచంలో వదిలేశాను. "గిట్ల ఎన్నేండ్లు బిడ్డా? ఎత్తకు. ఆ నంబరే తీసెయ్. ఇంకో సంబంధం సూడుమంట అమ్మను."

"సూడుండ్రి, వద్దన్ననా?" అంది. కంచంలో అన్నం కలుపుతూనే ఉంది. "పోయిన శుక్రారం ఎత్తద్దనే అనుకున్న. పక్కకు పెట్టిన. మొగుతాంది, మొగుతాంది. ఎత్తిన. వంకాయ మాడిందట."

"ఇంక ఆశ ఉన్నదా నీకు?"

"లేదు, చిన్నమ్మా." వెంటనే చెప్పింది. అబద్ధం చెప్పేవాళ్ళను నేను పట్టేయగలను. ఆమె చెప్పింది నిజమే. "ఆశుంటె ఎత్తకపోదును."

అప్పుడే ఫోన్ మోగింది. ఆమె ఎడమచేత్తో అందుకుంది. అదే సమయానికి కరెంటు వచ్చి కింద సాంచలన్నీ ఒకేసారి లేచాయి. నేల వణికింది. పిల్ల ఒక చెవి మూసుకుని, ఎంగిలి చేత్తోనే మెట్ల మీదికి పోయింది. గట్టిగా అరుస్తోంది. "ఏం కూర? ఇనవస్తలేదు… ఏం కూరా? టమాటనా? గుడ్డెయ్యలేదా?" ఏదో అన్నాడు కాబోలు, నవ్వింది. మెట్లు దిగుతూ ఇంకా అరుస్తూనే పోయింది. షెడ్డుకు వేళయినట్టుంది, మళ్ళీ పైకి రాలేదు.

ఆమె కంచం మీద నేను మూత పెట్టాను.